కార్జపు జలగ గుట్టు విప్పిన థామసు

మేఁతకుఁ బోయిన గొర్రె దినదినమునకు చిక్కిపోవును. దవడ క్రింద నీరు దిగి సంచివలె వాచును. కొన్నాళ్లకు నేల కొరగును. దాని కార్జమును కోసి చూచినచో ఆకువంటి చదునైన పురుగులు కానవచ్చును. వీనినే కార్జపు జలగలందురు. చెరువులోని జలగలు వేరు, ఇవి వేరు. ఈ పురుగు గొర్రె కడుపులోనికి ఏ దారిన చేరునో తెలిపిన ఆల్జర్నన్ థామసుగారి జీవితమును మనము తెలిసికొందము.

థామసు 1857లో ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ పట్టణమున జన్మించెను. ఆక్సుఫర్డులో చదివి అచ్చటనే జీవశాస్త్రమును బోధింపసాగెను. 1879-80లో ఆ దేశమున సుమారు 30 లక్షల గొర్రెలు ఈ వ్యాధికి బలియయ్యెను. రైతులు దిక్కుతోచక యుండిరి. అంతట రాయల్ అగ్రికల్చరల్ సొసైటీవారి పక్షమున ఈ పరిశోధన 1880లో థామసునకు అప్పగింపబడెను. అప్పటికాయన వయస్సు 23 ఏండ్లు మాత్రమే.

పురుగు గ్రుడ్లు పెంటికలతో బయటపడి తడినేలను పొదుగును. అందుండి వెడలిన సూక్ష్మమైన పిల్ల నీటిలో ఈదుచు ఏదో నత్తను చేరునని ఊహ యుండెను. కాని ఏ నత్త? థామసు ఒక్కొక్క జాతిని పరీక్షించెను. తడినేలల నుండు ఒక చిన్న నత్తపై ఆయనకు అనుమానము కలిగెను. కాని మరుసటి యేడు ఎంత వెదకినను అది చాలినన్ని దొరకలేదు. ఆయన విసుగు చెందలేదు. 1882 వేసవిలో ఐసిస్ నదికి వరద వచ్చి ఆ నత్తలను మెండుగాఁ దెచ్చెను. అనుమానము నిజమయ్యెను. నత్తలో పెక్కు రెట్లు వృద్ధి చెందిన పిల్లలు తోకలతో బయటికి వచ్చి, గడ్డినంటి, పైన గట్టి పొరను కట్టుకొనును. ఆ గడ్డిని మేసిన పశువునకు వ్యాధి సోకును. అదే కాలమున జర్మనీలో లాయికార్టు పండితుడును వేరుగా ఈ సత్యమునే కనుగొనెను.

గొర్రెలను తోలివేసినంతనే బీడు శుద్ధి కాదు. కుందేళ్లు, జింకలు మొదలగు అడవి జంతువులలో సయితము ఈ పురుగు వసించును. అవి తిరిగిన చోట్ల గ్రుడ్లు రాలును. కంచె గొర్రెను ఆపగలదు గాని కుందేలు నాపఁగలదా? కావున నీరు నిలువకుండ కాలువలు తీయవలెను, నత్తలకు తావీయరాదు.

1883లో థామసు న్యూజీలాండులోని ఆక్లండు కళాశాలకు ఆచార్యుడై వెడలెను. 1886లో బ్రద్దలైన తారవేరా అగ్నిపర్వతమును కూడ పరిశీలించెను. 1937లో ఆ నగరముననే కన్నుమూసెను.

విద్యార్థులారా! 30 లక్షల గొర్రెల చావునకు కారణము వ్రేలిగోరంత నత్తలో దాగియుండెను. అల్పమని దేనిని త్రోసివేయక, దొరకనిదానికై మరల మరల వెదకుటయే విద్య యని ఈ జీవితము మనకు నేర్పుచున్నది.