అరవై దాటాక రాయబారి

డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారంటే మనకు ఉపాధ్యాయ దినోత్సవం, రాష్ట్రపతి పదవి గుర్తుకు వస్తాయి. ఆయన మాస్కోలో మన రాయబారిగా పనిచేసిన సంగతి అంతగా ఎవరూ చెప్పుకోరు. పదవీ విరమణ చేసిన మనవంటివారు తెలుసుకోదగిన ఘట్టం అదేనని నా అభిప్రాయం.

వారి పూర్వీకులది నెల్లూరు జిల్లా సర్వేపల్లి. ఆయన 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో జన్మించారు. మైసూరు, కలకత్తాలలో తత్వశాస్త్రం బోధించారు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవి, కాశీ విశ్వవిద్యాలయ బాధ్యత నిర్వహించారు. 1949లో నెహ్రూ గారు ఆయనను సోవియట్ యూనియన్‌కు పంపేనాటికి అరవై నిండాయి. ఆ రోజుల్లో మనబోటి ఉద్యోగులకు 55 ఏళ్ళకే విశ్రాంతి!

పని సులువైనది కాదు. 1947 ఏప్రిల్‌లోనే దౌత్య సంబంధాలు ఏర్పడినా, మన స్వాతంత్ర్యం పేరుకు మాత్రమేనని, పెత్తనం ఇంకా బ్రిటిష్ వారిదేనని మాస్కో తలచేది. ఇటు తెలంగాణలో కమ్యూనిస్టుల సాయుధ పోరాటం సాగుతున్నందున ఢిల్లీకీ అనుమానాలే. మొదటి రాయబారి విజయలక్ష్మీ పండిట్ గారికి స్టాలిన్ దర్శనమే దొరకలేదు.

రాధాకృష్ణన్ గారికి 1950 జనవరిలో ఒక రాత్రి క్రెమ్లిన్ నుంచి పిలుపు వచ్చింది. యుద్ధం గెలిచాక హింస విడిచిన అశోకుని కథను ఆయన స్టాలిన్ ఎదుటే ప్రస్తావించారని చెబుతారు. అంత కఠినుడైన పాలకునితో స్నేహమేమిటని అడిగేవారు లేకపోలేదు. కాని రాయబారి తీర్పు చెప్పే జడ్జి కాడు. తన దేశం మాట అవతలివారు వినేటట్లు చెయ్యడమే ఆయన విధి. గుమాస్తాగా ఫైళ్ళ మధ్య బతికిన నాకు ఒకటి బాగా తెలుసు. నోటు ఎంత చక్కగా రాసినా, అవతలి సీటులోని మనిషికి మనపై నమ్మకం కుదరనిదే పని జరగదు.

ఆ జూన్‌లో కొరియా యుద్ధం వచ్చింది. నెహ్రూ గారి శాంతి ప్రతిపాదనను స్టాలిన్ స్వాగతించారు, అమెరికా అంగీకరించలేదు. 1951లో మన తిండిగింజల కొరత నాడు రష్యా గోధుమలు వచ్చాయి. 1952 జనవరిలో భద్రతా సమితిలో, కాశ్మీర్ విషయంపై అంతవరకు తటస్థంగా ఉన్న సోవియట్ ప్రతినిధి పాశ్చాత్య దేశాలను విమర్శించారు.

ఇదంతా ఆయన ఒక్కరి ఘనతే అనను. రష్యాకూ స్నేహితుల అవసరం ఉంది. భిలాయి ఉక్కు ఒప్పందం, బుల్గానిన్, కృశ్చేవ్‌ల రాక స్టాలిన్ మరణించాక 1955లో జరిగినవే. 1971 మైత్రి ఒప్పందం ఇంకా తరువాతి మాట. కాని మూసిన తలుపు మొదట కొద్దిగానైనా తెరుచుకున్నది ఈ పండితుని కాలంలోనే. సోవియట్ యూనియన్ 1991లో కనుమరుగైనా, రష్యాతో మన స్నేహం మిగిలింది.

1952లో స్వదేశం చేరి ఆయన ఉపరాష్ట్రపతి అయ్యారు. 1962 నుంచి 1967 వరకు రాష్ట్రపతి. 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు.

పెన్షను కాగితం అందగానే తమ పని అయిపోయిందని దిగులుపడే మన సభ్యులకు నేను ఈ జీవితాన్నే చూపిస్తాను. అరవై ఏళ్ళ వరకు సంపాదించుకున్న ఓర్పు, మాట మన్నన ఆ తరువాతే ఆయనకు ఎక్కువ అక్కరకు వచ్చాయి.