లైమన్ ఫ్రాంక్ బామ్

లైమన్ ఫ్రాంక్ బామ్ (మే 15, 1856 - మే 6, 1919) ప్రసిద్ధ అమెరికన్ బాలసాహిత్య రచయిత. ది వండర్‌ఫుల్ విజార్డ్ ఆఫ్ ఓజ్ అనే పుస్తకము ద్వారా ఇతడు లోకప్రసిద్ధుడు. అయితే అంతకు ముందే దుకాణాల షోకేసుల అలంకరణను ఒక వృత్తిగా తీర్చిదిద్దినవారిలో ఇతడు ముఖ్యుడన్న సంగతి చాలామందికి తెలియదు. ఆ వృత్తికి ఒక మాసపత్రికను, ఒక సంఘమును, ఒక గ్రంథమును సమకూర్చాడు.

బాల్యము, కుటుంబము

బామ్ న్యూయార్క్ రాష్ట్రములోని చిట్టెనాంగోలో జన్మించాడు. తండ్రి బెంజమిన్ వార్డ్ బామ్ చమురు వ్యాపారములో ధనము గడించినవాడు. యౌవనములో ఇతడు హాంబర్గ్ జాతి కోళ్ళను పెంచాడు. 1886లో వెలువడిన ఇతని మొదటి పుస్తకము కూడా ఆ కోళ్ళ గురించినదే. నాటకాలపై మక్కువతో ది మెయిడ్ ఆఫ్ ఆరన్ (1882) అనే సంగీత నాటకము రచించి, అందులో నటించాడు. అదే సంవత్సరము మహిళా హక్కుల ఉద్యమ నాయకురాలు మటిల్డా జోస్లిన్ గేజ్ కుమార్తె మాడ్‌ను వివాహమాడాడు. వీరికి నలుగురు కుమారులు.

అబెర్డీన్ దుకాణము

1888లో కుటుంబముతో డకోటా ప్రాంతములోని అబెర్డీన్ పట్టణానికి తరలివెళ్ళి, బామ్స్ బజార్ అనే దుకాణము తెరిచాడు. అనావృష్టి వలన రైతుల చేతిలో డబ్బు ఆడలేదు. బామ్ ఉదారముగా అరువులిచ్చాడు. 1890 ఆరంభములోనే దుకాణము మూతపడింది. ఆ తరువాత అబెర్డీన్ సాటర్డే పయొనీర్ అనే వారపత్రికను నడిపాడు. అందులో 1890-91లో స్థానిక అమెరికన్ జాతులను నిర్మూలించాలని కోరుతూ వ్రాసిన సంపాదకీయములు ఇతని జీవితములో మాయని మచ్చ. 2006లో బామ్ వంశీయులు ఇందుకు క్షమాపణ కోరారు. 1891లో ఈ పత్రికా ఆగిపోగా బామ్ చికాగో చేరాడు.

షోకేసుల అలంకరణ

చికాగోలో కుటుంబపోషణకై పింగాణీ సామాను అమ్మే సంచార ఉద్యోగిగా ఊరూరా తిరిగాడు. సరుకును కంటికి ఇంపుగా పేర్చడమెలాగో దుకాణదారులకు చెప్పి, తానే పేర్చి చూపేవాడు. ఆరోగ్యము దెబ్బతిని ప్రయాణాలు మానవలసి రావడముతో 1897లో ది షో విండో అనే మాసపత్రికను ప్రారంభించాడు. 1898లో అలంకరణకారుల జాతీయ సంఘమును నెలకొల్పాడు.

పెద్ద పలకల గాజు, విద్యుద్దీపాలు నగరాలలో వ్యాపిస్తున్న కాలమది. అయినా చాలా దుకాణాలలో ఉన్న సరుకునంతా అద్దము వెనుక కుప్పగా నింపడమే ఆనవాయితీ. బామ్ దీనిని వ్యతిరేకించాడు. సరుకు ఎంత ఉన్నదన్నది కాక, దానిని చూపే తీరు ముఖ్యమని ఇతని వాదము. వెనుక తెర, రంగుల పొందిక, వస్త్రము మడతలు జారే తీరు, దీపాల అమరిక అన్నీ కలిసి ఒక దృశ్యము కావాలి. దారిన పోయేవాని అడుగు ఆగాలి, వస్తువుపై కోరిక పుట్టాలి. కదిలే యంత్రాల బొమ్మలను, భ్రమ గొలిపే ఏర్పాటులను ఇతడు ప్రోత్సహించాడు. వీటిలో మాయమయ్యే మహిళ అనే ప్రదర్శన ప్రసిద్ధమైనది. పీఠముపై నడుము వరకు మాత్రమే కనిపించే నిజమైన స్త్రీ కొంతసేపటికి అదృశ్యమై, మరల కొత్త టోపీతో ప్రత్యక్షమయ్యేది.

ఈ అనుభవసారమును బట్టల దుకాణాల షోకేసులు, లోపలి అలంకరణలపై 1900లో గ్రంథముగా ప్రచురించాడు. ఓజ్ కథ వెలువడినది కూడా ఆ సంవత్సరమే. ఒక షోకేసు కోసము బామ్ నీళ్ళ కాగు, పొగగొట్టాలు, గరాటుతో ఒక మనిషి బొమ్మ చేశాడనీ, కథలోని రేకు మనిషికి అదే మూలమనీ కుమారుడు హారీ చెప్పాడు.

చివరి దశ

రచనల వలన ఆదాయము పెరగడముతో బామ్ పత్రికా సంపాదకత్వమును వదలుకున్నాడు. ఓజ్ కథ సంగీత నాటకముగా 1902లో చికాగోలోను, 1903లో బ్రాడ్వేలోను విజయవంతమయింది. కానీ ఇతర ప్రదర్శనలపై పెట్టిన ఖర్చు వలన 1911లో దివాలా తీశాడు. 1914లో హాలీవుడ్‌లో స్థాపించిన ఓజ్ చలనచిత్ర సంస్థ కూడా నిలువలేదు. ఓజ్ మాలికలో ఇతడు మొత్తము 14 నవలలు వ్రాశాడు. చివరిదైన గ్లిండా ఆఫ్ ఓజ్ మరణానంతరము, 1920లో వెలువడింది.

మరణము

1919 మే 6న హాలీవుడ్‌లోని స్వగృహములో పక్షవాతముతో బామ్ మరణించాడు. గ్లెండేల్‌లోని ఫారెస్ట్ లాన్ స్మశానవాటికలో ఇతనిని ఖననము చేశారు. ఇతడు ప్రారంభించిన పత్రిక పేర్లు మార్చుకుంటూ తరువాతి కాలములోను కొనసాగింది.