నందమూరి తారక రామారావు, చైతన్యరథం

నందమూరి తారక రామారావు (1923 మే 28 - 1996 జనవరి 18) ప్రసిద్ధ తెలుగు సినిమా నటుడు, నిర్మాత, దర్శకుడు, తెలుగుదేశం పార్టీ వ్యవస్థాపకుడు మరియు ఆంధ్ర ప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి. ఎన్.టి.ఆర్. అనే పొడి అక్షరాలతోనూ, అన్నగారు అనే పిలుపుతోనూ తెలుగువారికి సుపరిచితుడు. సుమారు 300 చిత్రాలలో నటించిన ఆయన 1982లో పార్టీని స్థాపించి, తొమ్మిది నెలలలోనే అధికారంలోకి వచ్చాడు. ఆ నెలలలో ఎక్కువ భాగం ఆయనకు ఇల్లు, వేదిక, కార్యాలయం అన్నీ ఒక పాత షెవర్లే వ్యానే. మార్పులు చేయించిన ఆ వ్యానుకే చైతన్యరథం అని పేరు. రామారావు జీవితాన్ని ఈ వ్యాసం ముఖ్యంగా ఆ వాహనాన్ని, ఆయన చివరివరకు ప్రాతినిధ్యం వహించిన హిందూపురం ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని వివరిస్తుంది.

బాల్యము, విద్యాభ్యాసము

రామారావు కృష్ణా జిల్లా నిమ్మకూరు గ్రామంలో లక్ష్మయ్య, వెంకట్రామమ్మ దంపతులకు జన్మించాడు. పై చదువు విజయవాడలో సాగింది. అక్కడి ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణ తెలుగు విభాగంలో ఉండేవాడు. ఆయన వేయించిన నాటకంలో నాగమ్మ పాత్ర రామారావుకు దక్కింది. మీసాలు తీయడానికి ఒప్పుకోకుండా మీసాలతోనే ఆ ఆడవేషం వేయడం వలన ఆయనకు మీసాల నాగమ్మ అనే పేరు స్థిరపడిపోయింది. 1942లో మేనమామ కుమార్తె బసవతారకంతో వివాహం జరిగింది.

కుటుంబ ఆస్తి కరిగిపోయిన రోజులలో రామారావు పాల వ్యాపారం చేసాడు. సైకిలుపై విజయవాడ హోటళ్ళకు పాలు తీసుకువెళ్ళి పోసేవాడు. నాలుగు దశాబ్దాల తరువాత ఆయన పార్టీకి ఎన్నికల గుర్తు కూడా సైకిలే కావడం యాదృచ్ఛికమే కావచ్చు. ఆ తరువాత గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో పట్టభద్రుడై, 1947లో సబ్ రిజిస్ట్రారుగా చేరాడు. మూడు వారాలకే ఆ ఉద్యోగం వదలి మద్రాసు వెళ్ళాడు.

సినిమాలు, జోలె యాత్రలు

మనదేశం (1949) చిత్రంలో పోలీసు ఇన్‌స్పెక్టరుగా వేసిన చిన్న పాత్ర ఆయన మొదటి వేషం. పాతాళ భైరవి (1951), మాయాబజార్ (1957) ఆయనను తెలుగువారి ఇంటింటికీ చేర్చాయి. కృష్ణుడు, రాముడు, రావణుడు, దుర్యోధనుడు వంటి పౌరాణిక పాత్రలకు ఆయనే ప్రమాణంగా నిలిచాడు. 1968లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఈ భాగం విస్తృతంగా తెలిసినదే కాబట్టి ఇక్కడ వివరించనవసరం లేదు.

తరువాతి యాత్రలకు మూలం మాత్రం సినిమాల కంటే విరాళాల సేకరణలో ఉన్నది. 1952లో రాయలసీమ కరువు బాధితుల కోసం రామారావు తోటి నటులతో కలసి ఊరూరా తిరిగి చందాలు పోగుచేసాడు. అప్పటికి ఆయన వయసు 29 సంవత్సరాలు. 1962లో చైనా యుద్ధం సందర్భంగానూ, 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడూ మళ్ళీ జోలె పట్టాడు. తెరపై దేవుడిగా చూసినవాడు తమ వీధిలోకి వచ్చి చేయి చాచినపుడు జనం ఎలా స్పందిస్తారో ఆయనకు ఈ యాత్రలలో తెలిసింది. పిలిచిన చోటికి జనం రావడం కంటే జనం ఉన్న చోటికి తాను వెళ్ళడం మేలన్న నమ్మకం అప్పటికే ఏర్పడి ఉండాలి.

తెలుగుదేశం స్థాపన

1978లో రాష్ట్రంలో కాంగ్రెసు గెలిచిన తరువాత అయిదేళ్ళలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి - నలుగురు ముఖ్యమంత్రులు మారారు. నిర్ణయాలన్నీ ఢిల్లీలో జరిగేవి. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యకు రాజీవ్ గాంధీ వలన జరిగిన అవమానం పత్రికలలో పెద్ద చర్చకు దారితీసింది. తెలుగువారి ఆత్మగౌరవం అనే మాటకు బలం వచ్చినది అప్పుడే. 1982 మార్చి 29న హైదరాబాదులోని కొత్త శాసనసభ్యుల క్వార్టర్సులో రామారావు తన పార్టీ పేరును ప్రకటించాడు.

పార్టీకి ఊళ్ళలో శాఖలు లేవు, కార్యాలయాలు లేవు, అనుభవజ్ఞులైన నాయకులు అతి తక్కువ. కాంగ్రెసుకు ప్రతి గ్రామంలోనూ ఒక పెద్దమనిషి ఉండేవాడు. సభ జరగాలంటే ఎవరో ఒకరు పందిరి వేయించాలి, మైకు తేవాలి, నాయకుడికి బస చూపాలి. ఈ మూడింటికీ స్థానిక పెద్దల దయ మీద ఆధారపడకుండా ఉండే ఉపాయంగా రామారావు ఎంచుకున్నది మార్పులు చేసిన వ్యాను.

చైతన్యరథం

జనరల్ మోటార్స్ సంస్థ 1928 నుండి బొంబాయిలో షెవర్లే వాహనాలను కూర్చి అమ్మేది. 1954లో ఆ పని నిలిపివేసింది. కనుక 1982లో షెవర్లే వ్యాను అంటే పాత బండే. విడిభాగాలకు కంపెనీ లేదు, పాత సామాను అంగళ్ళు, మెకానిక్కుల చేతి పనే దిక్కు. అయినా అటువంటి బండిని ఎంచుకోవడంలో అర్థం ఉంది. ఈ తరహా పాత బండ్లలో బరువంతా మోసేది అడుగున ఉండే ఉక్కు చట్రం. పైన ఉన్న బాడీని విప్పి, కావలసిన తీరులో మరొకటి కట్టుకోవచ్చు. చట్రం నేలకు ఎత్తుగా ఉంటుంది కాబట్టి గతుకుల దారిలో అడుగు భాగం తగలదు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిషు సైన్యపు దూరగస్తీ దళం వారాల తరబడి మనుషులను, నీటిని, పెట్రోలును మోయించినది కూడా షెవర్లే ట్రక్కుల చేతనే.

రామారావు వ్యానులో చేయించిన మార్పులలో ముఖ్యమైనది పైకప్పు. దానిపై నిలబడి మాట్లాడడానికి వీలుగా వేదిక అమర్చారు. లోపలి నుండి నేరుగా పైకి రావచ్చు. మైకులు, లౌడుస్పీకర్లు బండికే బిగించి ఉండేవి. లోపల విశ్రాంతికి చోటు ఉండేది. బయట పసుపు జెండాలు, పార్టీ నినాదాలు. పందిరి, మైకు, బస - మూడూ ఒకే చట్రం మీదకు ఎక్కాయన్నమాట. రామారావు కుమారుడు నందమూరి హరికృష్ణ సారథిగా బండి నడిపాడు.

ఇటువంటి మార్పుల వలన చిక్కులూ ఉంటాయి. కప్పు మీద మనుషులు, సామాను చేరితే బండి బరువు పైకి జరుగుతుంది. మలుపులలోనూ, ఏటవాలు కట్టలపైనా ఒరిగే ప్రమాదం పెరుగుతుంది కనుక నెమ్మదిగా నడపాలి. వంతెన లేని వాగులు మరొక చిక్కు. రాయలసీమలో వాగులు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక మేటలే. బరువైన బండి అందులో దిగబడుతుంది. టైర్లలో గాలి కొంత తగ్గించి, ఎక్కడా ఆపకుండా ఒకే వేగంతో దాటించాలి. వాన కురిసిన రోజున అదే వాగు గంటలో నిండుతుంది. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ అందించే భాగం తడిస్తే బండి నీటి మధ్యలో ఆగిపోతుంది. లోతు చూడకుండా, ఫ్యాను నీళ్ళు చిమ్మేంత వేగంతో దిగడం అనుభవం ఉన్న డ్రైవరు చేయడు. 1982 నాటి గ్రామీణ దారులలో సారథ్యం అలంకారప్రాయమైన పని కాదని చెప్పడానికే ఈ వివరమంతా.

యాత్రలో రామారావు ఖాకీ దుస్తులు ధరించేవాడు. రాత్రి ఎక్కడ పొద్దుపోతే అక్కడే బండిలో నిద్ర. రోడ్డు పక్కనే స్నానం, గడ్డం గీసుకోవడం, భోజనం. 59 ఏళ్ళ వయసులో, అప్పటికి అత్యధిక పారితోషికం అందుకున్న తెలుగు నటులలో ఒకడు ఇలా జీవించడం చూసి జనం ఆశ్చర్యపోయారు. ఆయన ఏమి మాట్లాడాడన్న దానితో సమానంగా ఎక్కడ స్నానం చేసాడన్నది కూడా వార్త అయ్యేది. ఈనాడు పత్రిక ఈ యాత్రకు విశేష ప్రాచుర్యం కల్పించింది. ప్రచారంలో మొత్తం 75 వేల కిలోమీటర్లు తిరిగినట్లు సాధారణంగా చెబుతారు. తొమ్మిది నెలలకు పంచితే రోజుకు దాదాపు 280 కిలోమీటర్లు అవుతుంది. ఊరూరా ఆగే బండికి ఇది చాలా ఎక్కువ కాబట్టి ఆ అంకెను కొంత జాగ్రత్తగానే తీసుకోవాలి. రాష్ట్రంలోని జిల్లాలన్నిటినీ చుట్టాడన్నది మాత్రం నిర్వివాదం.

1983 జనవరి 5న ఎన్నికలు జరిగాయి. 294 స్థానాలలో తెలుగుదేశం 201 గెలిచింది. జనవరి 9న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో బహిరంగంగా, ప్రజల సమక్షంలో రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేసాడు.

1984 సంక్షోభం

అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకొని తిరిగివచ్చిన కొద్ది రోజులకే, 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ రామారావు ప్రభుత్వాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిగా నియమించాడు. రామారావు తనకు మద్దతుగా ఉన్న శాసనసభ్యులను ఢిల్లీలో రాష్ట్రపతి ముందు హాజరుపరచాడు. తరువాత వారిని కర్ణాటకకు తరలించి, రామకృష్ణ హెగ్డే ప్రభుత్వపు రక్షణలో ఉంచారు. జాతీయ ప్రతిపక్ష నాయకులు ఆయనకు అండగా నిలిచారు. రాష్ట్రమంతటా ఉద్యమం లేచింది. నెల రోజుల తరువాత, సెప్టెంబరు 16న ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యాడు. శాసనసభ్యులను కాపలాలో ఉంచవలసి రావడం మాత్రం గమనించదగినది. జనం ఆయన వెంట ఉన్నారు. ఆయన గెలిపించిన శాసనసభ్యుల సంగతి అంత నిశ్చయంగా లేదు.

హిందూపురం, చిలమత్తూరు

1985 మధ్యంతర ఎన్నికలలో రామారావు గుడివాడ, నల్గొండ, హిందూపురం స్థానాలలో పోటీచేసి మూడింటా గెలిచాడు. మూడు ప్రాంతాలలో గెలిచి, కరువు సీమలోని హిందూపురాన్ని అట్టిపెట్టుకున్నాడు. కృష్ణా డెల్టాలో పుట్టినవాడు, వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే ఉండే జిల్లాకు ప్రతినిధి అయ్యాడు. 1989, 1994లలోనూ ఇక్కడి నుండే ఎన్నికయ్యాడు.

హిందూపురానికి పొరుగున ఉన్న చిలమత్తూరు ఈ మెట్టకు దక్షిణపు అంచు. హైదరాబాదు - బెంగళూరు జాతీయ రహదారి ఈ మండలంలోని కొడికొండ వద్ద కర్ణాటక సరిహద్దు దాటుతుంది. వేరుశనగ, మల్బరీ ఇక్కడి పంటలు. హిందూపురం వైపు పెన్న, బాగేపల్లి మీదుగా చిత్రావతి ప్రవహిస్తున్నా, రెండూ ఏడాదిలో ఎక్కువ భాగం ఎండిపోయే ఉంటాయి.

1985కు పూర్వం ప్రజలు ప్రతి చిన్న కాగితానికీ దూరాన ఉన్న తాలూకా కేంద్రానికి వెళ్ళవలసి వచ్చేది. రామారావు ప్రభుత్వం తాలూకాలను రద్దు చేసి సుమారు 1,100 మండలాలను ఏర్పరచింది. చిలమత్తూరు అలా మండల కేంద్రమయినదే. అంతకుముందే, 1984లో, కరణం మునసబు పదవులు రద్దయ్యాయి. కిలో రెండు రూపాయల బియ్యం పథకం 1983లో మొదలయింది. ఈ మూడింటిలోనూ చైతన్యరథం వెనుక ఉన్న ఆలోచనే కనిపిస్తుంది: మధ్యలో ఉన్న పెద్దమనిషిని తప్పించి ప్రభుత్వాన్ని నేరుగా ఊరి దగ్గరకు తీసుకుపోవడం.

నీటి విషయంలో ఫలితం అంత త్వరగా రాలేదు. కృష్ణా వరద జలాలను రాయలసీమకు మళ్ళించే తెలుగుగంగ, హంద్రీ-నీవా ఆలోచనలు ఆయన కాలంలో రూపుదిద్దుకున్నాయి. శ్రీశైలం నుండి ఎత్తిపోసిన నీరు అనంతపురం జిల్లాలోని జీడిపల్లి జలాశయానికి చేరేసరికి 2012 అయింది. అప్పటికి రామారావు మరణించి 16 ఏళ్ళు.

ఓటమి, తిరిగి అధికారం

1989 ఫిబ్రవరిలో రామారావు తన మంత్రివర్గాన్ని మొత్తంగా తొలగించాడు. సహచరులతో సంప్రదింపు లేకుండా నిర్ణయాలు తీసుకుంటాడనే విమర్శ అప్పటికే ఉన్నది. ఆ ఏడాది చివర జరిగిన ఎన్నికలలో పార్టీ ఓడిపోయింది. కల్వకుర్తిలో స్వయంగా ఓడిపోయాడు, హిందూపురంలో గెలిచాడు. 1990లో లాల్ కృష్ణ అద్వానీ టొయోటా వాహనాన్ని రథంగా మార్చి సోమనాథ్ నుండి బయలుదేరినపుడు, ఇటువంటి యాత్రకు చైతన్యరథమే ముందరిదని పలువురు గుర్తుచేసుకున్నారు. రెండు యాత్రల ఉద్దేశాలు మాత్రం వేరు.

1993లో రామారావు లక్ష్మీపార్వతిని వివాహం చేసుకున్నాడు. 1994 డిసెంబరులో తెలుగుదేశం 216 స్థానాలతో తిరిగి అధికారంలోకి వచ్చింది. ఎనిమిది నెలలు గడిచాయో లేదో, 1995 ఆగస్టులో శాసనసభ్యులలో ఎక్కువమంది ఆయన అల్లుడు నారా చంద్రబాబు నాయుడు పక్షాన హైదరాబాదులోని వైస్రాయ్ హోటలులో చేరారు. రామారావు చైతన్యరథం ఎక్కి ఆ హోటలు దగ్గరకు వెళ్ళాడు. ఒకప్పుడు ఆ రథానికి సారథి అయిన హరికృష్ణ ఈసారి అవతలి పక్షంలో ఉన్నాడు. గుమిగూడినవారిలో కొందరు రథం వైపు చెప్పులు విసిరారు. రామారావు వెనుదిరిగాడు. సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యాడు.

ఊళ్ళకు వెళ్ళడానికి కట్టిన బండి అది. తన సొంత శాసనసభ్యులను చేరడానికి పనికిరాలేదు.

మరణము, తరువాత

1996 జనవరి 18న హైదరాబాదులో గుండెపోటుతో రామారావు మరణించాడు. అప్పటికి ఆయన హిందూపురం శాసనసభ్యుడే. ఖాళీ అయిన ఆ స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో హరికృష్ణ గెలిచాడు. కొంతకాలం రాష్ట్ర రవాణా శాఖ మంత్రిగా కూడా పనిచేసాడు. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో తాను నడుపుతున్న కారు ప్రమాదానికి గురై మరణించాడు.

2009 ఎన్నికల నుండి చిలమత్తూరు మండలం హిందూపురం నియోజకవర్గంలో ఉంది. 2014 నుండి ఇక్కడ గెలుస్తూ వస్తున్నది రామారావు మరొక కుమారుడు నందమూరి బాలకృష్ణ. 2022 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లాను విభజించినపుడు హిందూపురం, చిలమత్తూరు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. చైతన్యరథాన్ని హైదరాబాదులో భద్రపరచారు.