గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు

రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాసి యిమ్మని మన గ్రంథాలయ కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను రాజునో కవినో ఎన్నుకొందునని తలచి యుందురు. నేను ఒక వర్తకుని ఎన్నుకొంటిని. ఆయన చెన్నపట్టణపు తెలుగువాడు. ఆయన కాలమున మన మేళ్లచెరువు నైజాము ఏలుబడిలోనిది. కృష్ణకు ఆవలి యొడ్డున నున్న పల్నాడు ఇంగ్లీషు కుంఫిణీవారిది. కావున ఆయన పోరాడినది మన ఏలికలతో కాదు. అయినను మా ఇంట తాతముత్తాతల నాటినుండి సాగిన పట్వారీ వృత్తికిని, ఆయన చేసిన ఘనకార్యమునకును ఒక ముడి యున్నది. అది మాకు కీర్తి తెచ్చునది కాదు. దాచిపెట్టుట న్యాయము కాదని వ్రాయుచున్నాను.

చెన్నపట్టణము ఓడరేవని పేరేగాని ఆ దినములలో అచ్చట రేవనునది లేదు. 1639లో కుంఫిణీవారు ఆ ఇసుకతీరమున స్థలము సంపాదించి కోట కట్టుకొనిరి. ఓడలు దూరమున లంగరు వేసి నిలుచుండెడివి. పలకలకు మేకులు కొట్టక కొబ్బరినారతో కుట్టిన మసూలా పడవలు అలలపై ఎగిరిపడుచు సరకును, మనుష్యులను చేరవేయుచుండెను. అల తిరుగబడినచో రెండును సముద్రము పాలే. గట్టి రేవు కట్టుట 1876లో గాని మొదలు కాలేదు. అయినను మనవారు ఆ పట్టణమునకు చీమలబారువలె పోయిరి. కుంఫిణీవారికి కావలసినది గుడ్డ. గుడ్డకు నేతగాడు కావలెను. నేతగానికి బయానా ఇచ్చుటకు వర్తకుడు కావలెను. 1734లో సుంకురామశెట్టి తోటయందు నేతగాండ్రకును, నూలు వడకువారికిని, అద్దకపువారికిని ఇండ్లు కట్టించి చింతాద్రిపేట వెలయించిరి. దుబాసీలలోను, సరకుల బేహారులలోను తెలుగువారు పెక్కురుండిరి.

అట్టి వర్తకకుటుంబమున 1806లో లక్ష్మీనరసు శెట్టిగారు జన్మించిరి. ఇంటిపేరు గాజులవారు. తండ్రి సిద్ధులుశెట్టిగారు నీలిమందు వర్తకులు. నీలిచెట్టు నేటివారికి తెలియదు గనుక రెండు మాటలు చెప్పెదను. కోసిన ఆకును తొట్లలో నానవేసి, ఆ నీటిని కఱ్ఱలతో చిలుకుదురు. క్షీరసాగరమున అమృతము పుట్టినట్లు పచ్చని నీటినుండి నీలము పుట్టి అడుగున పేరును. దానిని కాచి, వడగట్టి, అచ్చులుగా కోసి యెండబెట్టి, పెట్టెలలో సీమకు పంపుచుండిరి. కడప, నెల్లూరు ప్రాంతములలో ఆ పైరు విస్తారముగా నుండెడిది. 1897లో జర్మనీవారు రసాయనముతో చేసిన నీలిరంగును అంగడికి తెచ్చిన పిదప ఆ పంట క్షీణించినది.

కుమారుడు తండ్రి దుకాణముననే పని నేర్చి, నీలిమందును నేతబట్టలును అమ్మి, అచిరకాలములోనే గొప్ప ధనికుడయ్యెను. మదరాసు రుమాళ్లు అప్పుడు సముద్రములు దాటి ఆఫ్రికా, వెస్టిండీసు దీవులవరకు పోవుచుండెను. మన నల్లగొండ సీమలోని పుట్టపాక తేలియా రుమాళ్లు చూచినవారికి ఆ బట్టల వన్నె ఊహకు అందును.

ధనము చేరినవాడు సాధారణముగా మిద్దె మీద మిద్దె వేయును. శెట్టిగారు అచ్చుయంత్రము కొనిరి. 1844 అక్టోబరు 2వ తేదీన క్రెసెంటు అను ఇంగ్లీషు పత్రిక స్థాపించిరి. ఆ మాటకు నెలవంక యని యర్థము. సంపాదకుడు హార్లీ యను దొర, ధనము శెట్టిగారిది. దొరతనమువారికి ఆ పత్రిక కంటగింపయ్యెను. దాని ప్రకటనను తమ గెజిటులో వేయుటకు సయితము ఒప్పుకొనలేదు. 1846లో సర్కారు పాఠశాలలో బైబిలును పాఠ్యగ్రంథము చేయ బూనినప్పుడు, సర్కారు బడి యందరిదనియు, ఒక మతమువారిది కాదనియు వాదించి పట్టణపు పెద్దలను సభ చేర్చి లండనుకు విన్నపము పంపించిరి. 1852లో మదరాసు నేటివు అసోసియేషను అను సంఘమును స్థాపించిరి. మరుసటి సంవత్సరము కుంఫిణీవారి సనదు మార్చు ప్రసక్తి యుండుటచే, సంఘమువారు ఆ యేడే పార్లమెంటునకు పెద్ద విన్నపము పంపిరి. భూమిశిస్తు భారము, మగ్గముపై పనిముట్టుపై వేయు మొహతర్ఫా పన్ను, ఉప్పు గుత్తాధికారము, న్యాయస్థానముల జాగు ఇవి యన్నియు అందు కలవు.

ఇక అసలు సంగతికి వచ్చెదను. 1832-33లో నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టినది. అయిదు లక్షల జనములో సుమారు రెండు లక్షలు నశించిరందురు. చెన్నపట్టణపు బాటపట్టి దారిలో కూలినవారికి లెక్క లేదు. అట్టి దేశమునందు శిస్తు వసూలు మాత్రము ఆగరాదు గదా! వసూలగు విధమేమో కోటలోని దొరలు విచారింపరైరి. 1853లో డాన్‌బీ సేమూర్ అను పార్లమెంటు సభ్యుడు ఈ దేశస్థితి చూడవచ్చెను. శెట్టిగారు ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు తిప్పి, పల్లెవాండ్ర బాధలు వారి నోటనే వినిపించిరి. 1854 జూలైలో సేమూర్ కామన్సు సభలో ఆ మాట లేవదీయగా, సర్కారువారు ముగ్గురు సభ్యులతో విచారణ సంఘమును వేయక తప్పలేదు.

ఆ సంఘమునకు వచ్చిన ఫిర్యాదులు 1,959. అందు 519 మంది స్వయముగా వచ్చి చెప్పుకొన్నవారు, తక్కినవి ఉత్తరములు. నూర్లకొలది మైళ్లు నడచి వచ్చినవారును కలరు. 1855లో వెలువడిన నివేదికలో ఏమున్నదనగా: శిస్తు బాకీదారుని మండుటెండలో నిలుపుట; మెడకును కాలివ్రేళ్లకును త్రాడు బిగించి గంటలకొలది వంచియుంచుట; వీపున రాయి యెత్తుట; వ్రేళ్లను కిట్టి యను కొయ్యపనిముట్టులో నొక్కుట; కన్నులలో మిరపపొడి చల్లుట; అన్నమునకును బహిర్భూమికిని పోనీయకుండుట. హరిశ్చంద్రుని వెంటబడిన నక్షత్రకుడు మాటలతోనే చంపెను. వీరికి మాట చాలలేదు. ఈ బాధలు పెట్టబడినది తరచుగా మిక్కిలి స్వల్పమైన బాకీలకే.

పెట్టినవారెవరు? దొరలు స్వహస్తములతో పెట్టలేదు. తహసీలుదార్లు, బంట్రోతులు, గ్రామాధికారులు, వారి చెంతనే కవిలెకట్ట పట్టుకొన్న కరణములు. అనగా మావంటివారము. పైవారికి తెలియదని నివేదిక దొరలను కొంత తప్పించినది. నాకది నమ్మశక్యము కాలేదు. పైకము కావలెనని తొందరపెట్టినవాడు చేయి చూడలేదనుట ఒక సాకు. అయినను మా పాలు మేము ఒప్పుకొనవలెను.

1984లో పట్వారీ పదవులు రద్దగువరకు మా ఇంట ఊరి లెక్కలు నడచినవి. నేను కూడికలు నేర్చినది ఆ పుస్తకములలోనే. నేడు దుకాణముల లెక్కలు, సంఘముల లెక్కలు వ్రాసి పొట్ట పోసికొనుచున్నాను. మా పెట్టెలోని పాత కాగితములు తిరుగవేసినప్పుడు జమ కనబడును, బాకీ కనబడును, వసూలైన తేది కనబడును. ఎట్లు వసూలైనదో తెలుపు గడి ఒక్కటియు లేదు. లెక్క సరిపోయినదని సంతోషించుట మాకు అలవాటు. శెట్టిగారు కూడ చిఠ్ఠాలతో బ్రదికినవారే. ఆ లేని గడిని అడిగినవారు మాత్రము వారు.

ఆ నివేదిక ఊరకపోలేదు. 1859లో మదరాసు పోలీసు చట్టము చేసి, పోలీసు పనిని శిస్తు వసూలునుండి వేరుచేసిరి. 1857లో సిపాయీల తిరుగుబాటు నడచుచుండగా కార్ల్ మార్క్సు న్యూయార్కు పత్రికలో ఈ నివేదికను చూపియే కుంఫిణీ పాలనను దుయ్యబట్టెను. కుంఫిణీని తొలగించి రాణిగారి ప్రభుత్వమే నేరుగా ఏలవలెనని శెట్టిగారి సంఘము కోరియుండెను. 1858లో తిరుగుబాటు మూలమున అది జరిగినది. రాణిగారి ఏలుబడిలో శిస్తు తగ్గునని వారు ఆశించిన పక్షమున, ఆ యాశ ఫలింపలేదనియే చెప్పవలెను.

ఒకప్పుడు అనుమానించిన సర్కారే పిదప సి.యస్.ఐ. బిరుదమిచ్చి, 1863లో శాసనసభలో కూర్చుండబెట్టెను. అప్పటికే పత్రికకును, సభలకును, విన్నపములకును ఆయన ధనము కరగిపోయినది. నీలిమందుతో ఇల్లు నింపుకొన్న ఆ వర్తకులు 1868లో బీదతనములో మరణించిరి.

ఆ విచారణ నివేదికను మన గ్రంథాలయమునకు తెప్పింపుడని కార్యదర్శిగారిని కోరియున్నాను. ఇంగ్లీషు చక్కగా వచ్చిన యువకులెవరైన సాయంకాలములందు చదివి తెలుగున చెప్పినచో, నేను ముందు వరుసలో కూర్చుండి విందును.