చెత్తకుప్ప మీద దొరికిన వైద్యుడు జీవకుడు



మన విహారాల్లో అనాథపిండికుడి గురించి, అంగులిమాలుడి గురించి తరచూ చెప్పుకుంటాం. జీవకుడి పేరు మాత్రం బుద్ధుడి వైద్యుడు అన్న ఒక్క మాటతో వచ్చి పోతుంది. బాబాసాహెబ్ అట్లా వదిలేయలేదు. బుద్ధుడు-ఆయన ధమ్మం గ్రంథంలో జీవకుడికి విడిగా చోటు ఇచ్చారు. ఈసారి ఆయన జీవితం చదవండి. మీ ఇంట్లో ఎవరి కాలికైనా మానని పుండు ఉంటే ఇంకొంచెం జాగ్రత్తగా చదవండి.

జీవకుడు పుట్టింది మగధ రాజధాని రాజగృహంలో, అంటే నేటి బీహార్‌లోని రాజ్‌గీర్‌లో. తల్లి సాలవతి, ఆ నగర గణిక. పుట్టిన మగబిడ్డను పాత చేటలో పెట్టించి చెత్తకుప్ప మీద వేయించింది. అటుగా పోతున్న బింబిసారుడి కొడుకు అభయ రాజకుమారుడు కాకులు మూగి ఉండటం చూసి, బిడ్డ బతికే ఉన్నాడని తెలుసుకొని ఇంటికి తెప్పించి పెంచాడు. బతికి ఉన్నాడు గనుక జీవకుడు. కుమారుడు పెంచాడు గనుక కోమారభచ్చుడు.

పుట్టుకను బట్టి మనిషికి వెల కట్టే సమాజంలో ఈ పిల్లవాడి వెల ఎంతో మీకు వేరే చెప్పాలా? పెద్దయ్యాక తల్లిదండ్రులెవరని అభయుణ్ణి అడిగాడు. తల్లి ఎవరో తనకూ తెలియదని, పెంచిన తండ్రిని తానేనని అభయుడు చెప్పాడు. చేతిలో ఏ విద్యా లేకుండా రాజుల ఇళ్ళలో నెగ్గుకురావడం కష్టమని జీవకుడికి అర్థమైంది. ఎవరికీ చెప్పకుండా తక్షశిలకు వెళ్ళిపోయి ఏడేళ్ళు వైద్యం నేర్చుకున్నాడు.

ఆ చదువుకు గురువు పెట్టిన పరీక్ష వినండి. పలుగు పట్టుకొని తక్షశిల చుట్టూ ఒక యోజనం, అంటే మన ఆమడ దూరం తిరిగి, మందుకు పనికిరాని మొక్క ఏది కనిపించినా తెమ్మన్నాడు. జీవకుడు అంతా తిరిగి ఖాళీ చేతులతో వచ్చాడు. మందు కానిది ఒక్కటీ కనిపించలేదని చెప్పాడు. గురువు చదువు పూర్తయిందని దారి బత్తెం ఇచ్చి పంపాడు. ఈ కథను చాలామంది ప్రతి మొక్కా దివ్యౌషధమే అన్నట్టు చెబుతారు. అసలు విషయం అది కాదు. ప్రతి మొక్క దగ్గరా ఆగి, దీని పని ఏమిటి, ఏ జబ్బుకు, ఎంత మోతాదు అని తేల్చుకోగలిగినవాడే అట్లా ఖాళీ చేతులతో తిరిగి రాగలడు.

సాకేత నగరం చేరేసరికి బత్తెం అయిపోయింది. అక్కడ ఒక శ్రేష్ఠి భార్య ఏడేళ్ళుగా తలనొప్పితో బాధపడుతోంది. పేరు మోసిన వైద్యులు ఎందరో వచ్చి, బోలెడు డబ్బు పట్టుకుపోయారు గానీ జబ్బు పోలేదు. ఈ కుర్రాణ్ణి ఆమె నమ్మలేదు. ముందు ఏమీ ఇవ్వవద్దని, నయమయ్యాకే ఇష్టమైనంత ఇవ్వమని జీవకుడు కబురు పెట్టాడు. మందులు వేసి కాచిన నెయ్యి ముక్కులో పోశాడు. ఆమెకు నయమైంది. ఆ ఇంటివాళ్ళంతా కలిసి 16,000 కహాపణాలు ఇచ్చారు. ఫలితం కనిపించాకే ఫీజు! నేటి ఆస్పత్రుల కౌంటర్ల దగ్గర నిలబడ్డవాళ్ళకు ఇది కల లాగా ఉంటుంది.

రాజగృహానికి తిరిగొచ్చి బింబిసారుడి భగందరాన్ని లేపనంతో నయం చేశాడు, రాజవైద్యుడయ్యాడు. ఒక శ్రేష్ఠికి తల తెరిచి, పురుగులు తీసి, కుట్టి, లేపనం పూశాడు. కాశీలో గంతులు వేసి పేగు మెలిపడ్డ శ్రేష్ఠి కొడుక్కి పొట్ట కోసి, ముడి విప్పి, మళ్ళీ కుట్టాడు. ఈ కథల్లో పెంపు ఎంతో కొంత ఉండొచ్చు. కానీ కోయడం, కుట్టడం, పైన లేపనం వేయడం అనే వరుస మాత్రం గాయాల మీద చేయి పెట్టినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ చేయి పెట్టడమే ఈ దేశంలో మైల అయింది. తర్వాతి కాలపు మనుస్మృతి నాలుగో అధ్యాయం వైద్యుడి అన్నాన్ని చీముతో పోల్చింది. రోగి చీము తుడిచినవాడి ఇంట తినకూడదట! బుద్ధుడేమో విరేచనాలతో పడి ఉన్న భిక్ఖువును ఆనందుడితో కలిసి తన చేతులతో కడిగాడు. రెండు దారులూ మీ ముందే ఉన్నాయి.

వినయపిటకంలోని మహావగ్గలో మందుల గురించి ఒక అధ్యాయమే ఉంది. పసుపు, అల్లం, వస, వేప, కరక్కాయ, తాండ్రకాయ, ఉసిరి, పిప్పళ్ళు, మిరియాలు అన్నీ మన ఇళ్ళలో తెలిసినవే. పాళీలో కసావం అన్నదే మన కషాయం. అందులో ఒక భిక్ఖువుకు గడ్డ లేచిన వైనం చూడండి. ముందు కోయడానికి బుద్ధుడు అనుమతి ఇచ్చాడు. తర్వాత కషాయపు నీళ్ళు కావలసి వచ్చాయి, ఆ తర్వాత నువ్వుల ముద్ద, కట్టు. పుండు దురద పెడితే ఆవపిండి చల్లడం, చెమ్మ పడితే పొగ వేయడం. కండ పైకి లేస్తే ఉప్పురాయితో కోయడం. అయినా మానకపోతే నూనె, నూనె కారిపోతుంటే గుడ్డ కట్టు. ఒకటి పనిచేయకపోతే మరొకటి. ప్రతి మెట్టులోనూ పుండును చూసి నిర్ణయించారు. ఈ వరుసలో ఒక్క మంత్రం లేదు.

అదే అధ్యాయంలో పాముకాటుకు మలం, మూత్రం, బూడిద, మట్టి వాడటానికి అనుమతి కూడా ఉంది. దాచుకోవడం ఎందుకు? ఆనాటి వాళ్ళకు తెలిసింది అంత. పిటకంలో ఉంది గదా అని ఈ రోజు ఎవరైనా పాముకాటుకు బూడిద రాస్తే మనిషి పోతాడు. గ్రంథంలో ఉందని నమ్మవద్దని కేసపుత్త గ్రామంలో కాలాములకు చెప్పింది బుద్ధుడే. ఆ మాట మన గ్రంథాలకూ వర్తిస్తుంది.

ఇప్పుడు మన వాడల సంగతి. షుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళకు స్పర్శ తగ్గుతుంది, ముల్లు దిగినా తెలియదు. పుండు పడితే పసరు, సున్నం, కాఫీపొడి, పేడ! పేడలో, మట్టిలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. వేప, పసుపు ల్యాబులో కొన్ని క్రిములను ఆపుతాయన్నది నిజమే. గాజుపళ్ళెంలో ఆపిన మందు మనిషి కాలి మీద ఎట్లా పనిచేస్తుందో మనుషుల మీద పరీక్షించి తేల్చాలి. గాయాన్ని మంచినీళ్ళతో, సబ్బుతో కడగండి, శుభ్రమైన గుడ్డ కప్పండి, ధనుర్వాతం ఇంజెక్షన్ కోసం, షుగర్ పరీక్ష కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. చెట్టుమందు ఇచ్చేవాళ్ళను, ఎంతమందికి ఇచ్చారు, ఎంతమందికి మానలేదు అని అడగండి. రెండో ప్రశ్నకు జవాబు లేనివాళ్ళ మందు వద్దు.

జీవకుడి జీవితంలో మనల్ని ఇబ్బంది పెట్టే ఘట్టం కూడా ఒకటుంది. మగధలో కుష్ఠు, గడ్డలు, చర్మవ్యాధి, క్షయ, మూర్ఛ ప్రబలాయి. జీవకుడు రాజకుటుంబానికి, సంఘానికి తప్ప ఇతరులకు తీరిక లేదన్నాడు. రోగులు వైద్యం కోసమే చీవరం కట్టి, నయమయ్యాక విడిచిపోయారు. జీవకుడి విన్నపం మీద ఆ ఐదు జబ్బులున్నవాళ్ళకు ప్రవ్రజ్య ఇవ్వవద్దని నియమం వచ్చింది. దీని వెనుక అసహ్యం లేదు. సంఘంలో రోగుల సేవ తలకు మించిన భారమైంది. కానీ తిప్పి పంపిన ఆ పేద రోగులు ఎక్కడికి పోవాలి? రెండు శతాబ్దాల తర్వాత అశోకుడు మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని, మందు మొక్కలు దొరకని చోట తెప్పించి నాటించానని రెండో శిలాశాసనంలో చెక్కించాడు. అది కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. వెళ్ళి చూడండి.

జీవకుడు తన మామిడి తోటను బుద్ధుడికి, సంఘానికి ఇచ్చాడు. గృధ్రకూటం మీద దేవదత్తుడు బండ దొర్లించినప్పుడు రాతి ముక్క తగిలి బుద్ధుడి పాదం గాయపడింది. ఆయన్ని ఆ తోటకే తెచ్చారు. జీవకుడు ఘాటైన మందుతో కట్టు కట్టి, నగరంలో మరో రోగిని చూడటానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కోట తలుపులు మూసేశారు. సరైన వేళకు కట్టు విప్పకపోతే మందు మంట పెడుతుందే అని రాత్రంతా తల్లడిల్లాడు. ఇక్కడ తోటలో బుద్ధుడు ఆ వేళకే ఆనందుడితో కట్టు విప్పించుకున్నాడు. తెల్లవారి తలుపులు తెరవగానే జీవకుడు పరుగున వచ్చి పాదం చూశాడు. గాయం మానింది.