గాజుసీసాతో బాణపు ములుకు చెక్కిన ఇషి

రాతియుగం పాఠం మనమంతా చదివిందే. రాళ్లు చెక్కి పనిముట్లు చేసుకున్న మనుషులు వేల ఏళ్ల కిందట ఉండేవారని, తరవాత ఇనుము వచ్చిందని, ఆ పని అంతటితో ఆగిపోయిందని పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. కానీ ట్రాములు, టెలిఫోన్లు, సినిమాలు వచ్చేసిన 1911లో, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఒకాయన కూర్చుని రాతి ములుకులు చెక్కుతుంటే జనం గుంపులుగా వచ్చి చూసేవారు. ఆయనే ఇషి. నిజానికి అది ఆయన పేరు కాదు. ఆ సంగతి ముందు ముందు చెబుతాను.

ఇషి యాహి తెగవాడు. ఉత్తర కాలిఫోర్నియాలో డీర్ క్రీక్, మిల్ క్రీక్ అనే రెండు వాగుల చుట్టూ ఉన్న కొండలు వాళ్లవి. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. లక్షలమంది వలస వచ్చారు. వాగుల్లో చేపలు పోయాయి, మైదానాల్లో పశువులు చేరాయి, తిండి కరువైంది. ఆకలికి పశువును ఎత్తుకుపోతే తుపాకులతో వెంటపడి ఊళ్లకు ఊళ్లనే చంపేశారు. కొన్ని వందలమంది ఉన్న యాహిలు 1870లు వచ్చేసరికి వేళ్లమీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. ఇషి అప్పటికి చిన్నవాడు. ఆ మిగిలినవాళ్లు దాదాపు 40 ఏళ్లు దాక్కునే బతికారు. అడుగుజాడ కనిపించకుండా రాళ్లమీద నడిచేవారు.

తుపాకి పేలితే కొండంతా వినిపిస్తుంది. విల్లుకు చప్పుడు లేదు. అందుకే వాళ్లకు విల్లూ బాణమూ పాత అలవాటు మాత్రమే కాదు, ప్రాణరక్షణ. వలసవాళ్లు పారేసిన సీసా పెంకులు, ఇనుప ముక్కలు కూడా ఏరుకొచ్చి ములుకులకు వాడుకున్నారు. శత్రువు పారేసిన చెత్తతో ఆయుధం చేసుకుని బతికారన్నమాట!

1908 నవంబరులో సర్వే చేయడానికి వచ్చిన మనుషులకు వాళ్ల రహస్య గుడిసెలు కంటపడ్డాయి. అప్పటికి ఉన్నది నలుగురే. ఇషి, ఆయన తల్లి, ఒక ముసలాయన, ఒక స్త్రీ. ఆమె ఆయన చెల్లెలో దగ్గరి బంధువో అంటారు. నడవలేని తల్లి దుప్పట్ల కింద పడుకుని ఉంది. వచ్చినవాళ్లు ఆమెను ఏమీ చేయలేదుగానీ విల్లులు, బాణాలు, బుట్టలు, చర్మాలు అన్నీ జ్ఞాపకచిహ్నాలుగా పట్టుకుపోయారు. చలికాలం ముంగిట ఒక కుటుంబం బతుకుతెరువంతా దోచుకున్నామని వాళ్లకు తట్టినట్టు లేదు. ముసలాయన, ఆ స్త్రీ మళ్లీ కనిపించలేదు. తల్లి కొద్దిరోజులకే పోయింది. ఇషి ఒక్కడే మిగిలాడు.

1911 ఆగస్టు 29న ఓరోవిల్ పట్టణం దగ్గర పశువధశాల ఆవరణలో, ఆకలితో చిక్కిపోయిన ఒక మనిషి కనిపించాడు. వయసు 50 దరిదాపుల్లో ఉంటుంది. జుట్టు నెత్తిదాకా కాల్చుకుని ఉన్నాడు. అది వాళ్ల తెగలో చావు మైలకు గుర్తు. ఎక్కడ ఉంచాలో తెలియక షెరీఫ్ జైలుగదిలో ఉంచాడు. పత్రికలు అడవిమనిషి దొరికాడని రాశాయి. ఆ వార్త చదివి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి వాటర్‌మన్ అనే పండితుడు వచ్చాడు. పక్క తెగల మాటల జాబితా ఒకటి తెచ్చి వరసగా చదువుతూ పోతే ఒక్క మాటా కలవలేదు. చివరికి మంచం చెక్కమీద తట్టి, పైన్ చెక్కకు వాళ్లు అనే మాట పలికాడు. ఇషి ముఖం వెలిగిపోయిందట. మూడేళ్ల తరవాత తన భాషలో ఒక మాట ఇంకొకరి నోట విన్నాడు మరి!

పేరు అడిగితే చెప్పలేదు. తన పేరు తాను చెప్పుకోవడం యాహిల మర్యాద కాదు. ఇంకొకరు పరిచయం చేయాలి. ఆ పని చేసేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. మ్యూజియం పెద్ద క్రోబర్, వాళ్ల భాషలో మనిషి అని అర్థం వచ్చే ఇషి అనే మాటను పేరుగా పెట్టాడు. అసలు పేరు ఎవరికీ తెలియకుండానే పోయింది. హాస్టల్లో చేరిన కొత్తలో మనల్ని ఊరిపేరుతోనో రోల్ నంబరుతోనో పిలిచిన రోజులు గుర్తొస్తాయి. అయితే సెలవులకు ఇంటికెళితే మన పేరు పెట్టి పిలిచేవాళ్లుండేవారు.

మ్యూజియంలోనే ఆయనకు ఒక గది ఇచ్చారు. నెలకు 25 డాలర్ల జీతంమీద ఊడ్చే పని చేసేవాడు. ఆదివారాల్లో జనం ముందు ములుకులు చెక్కి, నిప్పు పుట్టించి చూపేవాడు. ఆ కట్టడంలోనే చనిపోయినవాళ్ల ఎముకలు పెట్టెల్లో ఉండేవి. వాటి పక్కన ఉండడం ఆయన్ని చాలా కలతపెట్టింది.

ఇక ఆయన పని చూడండి. అబ్సిడియన్ అనే నల్లని అగ్నిపర్వతపు గాజురాయిని పగలగొట్టి మంచి పెచ్చు ఒకటి ఎంచుకునేవాడు. ఎడమ అరచేతిలో జింకతోలు పరచి, పెచ్చును దానిమీద వేళ్లతో బిగించి పట్టేవాడు. కుడిచేతిలో కర్రపిడికి కట్టిన పనిముట్టు. దాని మొన పూర్వం జింకకొమ్ముది, నగరంలో ఇనుపది. మొనను పెచ్చు అంచున ఆనించి బలంగా నొక్కితే అవతలివైపు నుంచి చిన్న చేపపొలుసంత ముక్క ఊడేది. కొట్టడం కాదు, నొక్కడమే. పెచ్చును తిప్పి మళ్లీ అలాగే. బలం ఎక్కువైతే మొత్తం రెండు ముక్కలవుతుంది, తక్కువైతే ముక్క ఊడదు. అరగంటలో ఆకులాంటి ములుకు తయారయ్యేది. ఆఖరున సన్నని మొనతో మొదట్లో రెండు పక్కలా గాట్లు పెట్టేవాడు. నమిలి మెత్తబరిచిన జింకనరాన్ని ఆ గాట్లలో చుట్టి ములుకును కర్రకు బిగించేవాడు. నరం ఎండితే ఇక కదలదు. బీరుసీసాల గోధుమరంగు గాజు, మందుసీసాల నీలిగాజు కూడా చెక్కేవాడు. రజను కంట్లో పడితే కింది రెప్ప లాగిపట్టి నడినెత్తిన చేత్తో కొట్టుకుని రాల్చేవాడట.

పక్కనే ఉన్న ఆస్పత్రి సర్జన్ శాక్స్టన్ పోప్ ఆయనకు వైద్యం చేయడానికి వచ్చి శిష్యుడైపోయాడు. ఒక పెద్ద డాక్టరు, మ్యూజియం ఊడ్చే మనిషి దగ్గర విద్య నేర్చుకున్నాడంటే చిన్న విషయం కాదు. ఉక్కు మొననూ రాతి మొననూ వేసి పరీక్షించి, రాయే ఎక్కువ లోతుకు కోసుకుపోతుందని పోప్ తేల్చాడు. దూరపు గురిలో ఇషి అంత గొప్పవాడేం కాదు. ఆయన గొప్పంతా దగ్గరకు వెళ్లడంలో ఉంది. వేళ్లమీద పెదవులు ఆనించి కుందేలు అరుపు తెచ్చేవాడు. వేటకు ముందు చేపలు తినడు, పొగ తాగడు, వాసన పోయేలా స్నానం చేసేవాడు. పోప్ 1923లో విల్లువేటపై పుస్తకం రాశాడు. ఈనాటి అమెరికా విల్లువేటగాళ్లు తమ విద్యకు మూలం ఇషి అనే చెబుతారు.

1990లలో పరిశోధకుడు షాక్లీ ఆ ములుకుల కొలతలు తీస్తే అవి యాహిల పాత ములుకులకంటే పొరుగున ఉన్న నోమ్లాకి, వింటు తెగలవాటిని ఎక్కువ పోలి ఉన్నాయని తేలింది. బహుశా ఆ వైపు బంధువు ఎవరో నేర్పి ఉంటారని ఆయన ఊహ. ఇషి నోరువిప్పి చెప్పని చుట్టరికం ములుకులో కనిపించిందేమో!

1914లో క్రోబర్, వాటర్‌మన్, పోప్ ఆయన్ని డీర్ క్రీక్‌కు తీసుకెళ్లారు. చచ్చిపోయినవాళ్లున్న చోటుకు మొదట రానన్నాడు. తరవాత వెళ్లి ఒక్కొక్క చోటు చూపించాడు. నగరం ఆయనకు టీబీ అంటించింది. 1916 మార్చి 25న కన్నుమూశాడు.

శరీరాన్ని కోయవద్దన్నది ఆయన నమ్మకం. న్యూయార్క్‌లో ఉన్న క్రోబర్, సైన్సు పేరు చెప్పినా ఒప్పుకోవద్దని ఉత్తరం రాశాడు. అది చేరేసరికే కోసేశారు, మెదడు తీసి పక్కన పెట్టారు. దహనపు పెట్టెలో విల్లు, ఐదు బాణాలు, ఓక్ కాయల పిండి, కొన్ని అబ్సిడియన్ పెచ్చులు ఉంచారు. మరి క్రోబర్ తిరిగొచ్చాక ఏం చేశాడు? 1917లో ఆ మెదడును తానే స్మిత్సోనియన్ సంస్థకు పంపాడు. స్నేహితుడిగా ఉత్తరం రాసిన చెయ్యే ఇదీ చేసింది. నాకు ఇది ఎన్నిసార్లు చదివినా మింగుడుపడదు. 2021లో బర్క్‌లీలోని భవనానికి క్రోబర్ పేరు తొలగించారు.

మెదడు ఆచూకీకోసం కాలిఫోర్నియా ఆదివాసులు పట్టుబట్టగా 1999లో అది బయటపడింది. 2000 ఆగస్టులో, బంధుత్వం ఉన్న రెడింగ్ రాంచెరియా, పిట్ రివర్ తెగలవాళ్లకు అప్పగించారు. శ్మశానంలో కుండలో ఉన్న అస్థికలతో కలిపి వాళ్లు దాన్ని ఆయన కొండల్లో పాతిపెట్టారు. ఆ చోటు ఎక్కడో బయటివాళ్లెవరికీ చెప్పలేదు.