దినచర్యే దైవసేవ – డోర్నకల్ బిషప్ అజరయ్య

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు కోరగానే నాకు తోచిన పేరు బిషప్ అజరయ్యగారిది. రైల్వే ఉద్యోగిగా నాకు డోర్నకల్ జంక్షన్ చిరపరిచితం. ఆ చిన్న ఊరి పేరును దేశదేశాల్లో వినిపింపజేసిన వ్యక్తి ఆయన.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో జన్మించారు. తండ్రి గ్రామ పాదిరి. అజరయ్యగారు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని డిగ్రీ చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి దేశమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారితో వివాహమైంది. 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు ముఖ్యకారకులయ్యారు. భారతీయుల డబ్బుతో, భారతీయుల చేతులమీదుగా సేవ జరగాలన్నది దాని ఉద్దేశం.

మారుమూల పల్లెలకు వెళ్లి సేవ చేయండని యువకులను ప్రోత్సహించే ఉద్యోగం ఆయనది. మరి నేనెందుకు వెళ్లకూడదన్న ప్రశ్న ఆయనకే ఎదురైంది. ఆకాశవాణి ఏదీ వినిపించలేదు. రోజూ చేసే పనిలోనుంచే ఆ పిలుపు వచ్చింది. 1909లో, 35వ ఏట, పేరున్న ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, భార్యాబిడ్డలతో నైజాం సంస్థానంలోని డోర్నకల్‌కు తరలివచ్చారు. ఆ వయసులో తెలుగు నేర్చుకున్నారు. సంసారం ఈదినవారికి, నెల జీతం విలువ తెలిసిన మనబోటివారికి, అది ఎంత కష్టమైన నిర్ణయమో వేరే చెప్పనక్కరలేదు.

1910లో ఎడింబరో మహాసభలో, తెల్లదొరల సమక్షంలోనే, మిషనరీలు భారతీయులకు దానధర్మాలతో పాటు స్నేహాన్ని కూడా పంచాలని నిర్భయంగా చెప్పారు. కొందరికి కోపం వచ్చింది. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. డిగ్రీ లేని ఆ మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

పదవి వచ్చాక కూడా ఆయన పని పల్లెల్లోనే. సంఘస్థులలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలకు చెందిన పేద కూలీలు. మురికి, రోగం, అప్పు, తాగుడు – ఈ నాలుగు దయ్యాలను ఇంటినుంచి వెళ్లగొట్టమని ఆయన బోధ. విశ్వాసం ఆదివారం గుడిలో ఉండి సోమవారం కల్లుదుకాణంలో కనిపించకపోతే లాభమేమిటని ఆయన భావం. వంట వండేటప్పుడు గుప్పెడు బియ్యం దేవుని పేర పక్కన పెట్టే అలవాటు ఆ మండలంలో ఇల్లిల్లా పాకింది. ఇచ్చే గుణం డబ్బున్నవాళ్ల సొత్తు కాదని ఆ గుప్పెడు బియ్యమే నిరూపించింది. అజరయ్యమ్మగారు స్త్రీలకు తోడుగా నిలిచి చదువు, ప్రార్థన నేర్పారు.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదును గుర్తుచేసే గుమ్మటాలు, వాటి నడుమ సిలువ. ఈ నేలమీది విశ్వాసానికి ఈ నేల రూపమే ఉండాలన్న ఆయన ఆశయం అందులో కనిపిస్తుంది. వేరువేరు సంఘాల ఐక్యతకు ఆయన 1919 నుంచి పాటుపడ్డారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. ఆ ఐక్యత ఫలించి 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అది చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

ఉద్యోగ విరమణ తర్వాత, ఇక నా వల్ల ఏ ఉపయోగం ఉందన్న బెంగ మనలో చాలామందికి కలుగుతుంది. నాకూ కలిగింది. అజరయ్యగారి జీవితం చదివాక నాకు తెలిసిందొకటే: దేవుడు దారి చూపేది రేపటి గొప్ప పనికి కాదు, ఇవాళ్టి చిన్న పనికి. పక్కింటి రోగిని పలకరించడం, మనవడికి ఒక పాఠం చెప్పడం, పెన్షన్‌లో కొంత లేనివారికి తీసిపెట్టడం – ఇవన్నీ ఆ గుప్పెడు బియ్యమే.